ప్రతి స్టేజీలో ఆగే విమానం: నా అనుభవం

మా నాయిన మహబూబ్‌నగర్ డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టరుగా పనిచేశారు. భూత్పూర్, బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, పెద్దకొత్తపల్లి మీదుగా కొల్లాపూర్ వెళ్లే ఆర్డినరీ బస్సు మీదే ఆయన సర్వీసు చాలావరకు గడిచింది. సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకుపోయి, ఇంజను పక్కన ఉన్న పొడుగు సీటు మీద కూర్చోబెట్టేవారు. ప్రతి స్టేజీ దాటగానే ఆయన ఎస్సార్ షీటు తీసి, ఊగుతున్న బస్సులో ఒక కాలు సీటుకు ఆనించి నిలబడి, ఏ ధర టికెట్లు ఏ నంబరు వరకు తెగాయో రాసి ఆ స్టేజీని మూసేవారు. తర్వాతి ఊరు రాకముందే ఆ రాత పూర్తికావాలి. ఎవరు ఎక్కడ ఎక్కారు, ఎవరు ఎక్కడ దిగాలి అనేది కాగితం మీదా ఆయన మనసులోనూ ఒకేసారి నడుస్తుండేది. గత వేసవి సెలవుల్లో నేను పసిఫిక్ మహాసముద్రం మీద చేసిన ప్రయాణం గురించి రాయడానికి కూర్చుంటే ముందుగా ఆ షీటే గుర్తుకు వచ్చింది. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నేను జడ్చర్ల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైన నాటి నుంచి విమానాలంటే నాకున్న ఇష్టం ఒక పద్ధతిలో పడింది. అంతకుముందు ఆకాశంలో పోయేదంతా విమానమే. ఆ తర్వాత రెక్క చివర వంపు, ఇంజను ఆకారం, చక్రాల వరుస చూసి ఏది బోయింగో ఏది ఎయిర్‌బస్సో చెప్పగలిగేంతవరకు నేర్చుకున్నాను. చాలామంది విమాన ప్రియులకు అతి పొడవైన, ఎక్కడా ఆగని ప్రయాణం చేయాలని ఉంటుంది. నా కోరిక దానికి పూర్తిగా వ్యతిరేకం. హవాయి దీవుల్లోని హొనొలులు నుంచి గ్వామ్ వరకు ఒకే నంబరుతో, ఒకే విమానంతో, దారిలో ఐదు చోట్ల దిగుతూ ఎక్కుతూ పోయే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 154 సర్వీసు గురించి చదివిన రోజు నుంచి అదే నా మనసులో ఉండిపోయింది. మజురో, క్వాజలీన్, కొస్రే, పోన్‌పే, చూక్, ఆ తర్వాత గ్వామ్. నేరుగా పోతే సుమారు 6,100 కిలోమీటర్లు, దాదాపు ఎనిమిది గంటల ప్రయాణం. ఇలా ఆగుతూ పోతే 7,000 కిలోమీటర్లు, పదిహేను గంటల పైచిలుకు. లోకం దీనిని ఐలాండ్ హాపర్ అంటుంది. నేను మా ఇంట్లో చెప్పేటప్పుడు మాత్రం పల్లెవెలుగు విమానం అన్నాను, అందరికీ వెంటనే అర్థమైంది.

దీనికి డబ్బు నాలుగేళ్లు కట్టిన ఒక చిట్టీ నుంచి వచ్చింది. మా చెల్లె కాలిఫోర్నియాలో ఉంటుంది కనుక అక్కడికి పోవడానికి తీసుకున్న అమెరికా వీసానే ఈ ప్రయాణానికీ పనికివచ్చింది. ఇక్కడ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. హొనొలులు, గ్వామ్ రెండూ అమెరికా చేతిలోనివే అయినా మధ్యలో ఉన్న దీవులు రెండు వేరే దేశాలు: మార్షల్ దీవులు, మైక్రోనేషియా సమాఖ్య. కాబట్టి గ్వామ్‌లో దిగినప్పుడు మళ్లీ కొత్తగా అమెరికాలోకి ప్రవేశిస్తున్నట్టే లెక్క; ఒకసారి ప్రవేశానికే చెల్లే వీసాతో ఈ దారి పెట్టుకోకూడదు. తిరుగు ప్రయాణానికి గ్వామ్ నుంచి మనీలా, అక్కడి నుంచి సింగపూర్, ఆపై హైదరాబాద్ అని టికెట్లు ముందే తీసుకున్నాను. రెక్కకు కొంచెం వెనుక, ఎడమవైపు కిటికీ సీటు ఎంచుకున్నాను. రెక్క వెనుక అంచున ఉండే ఫ్లాపులనే పలకలు ఎంతవరకు దిగుతున్నాయో, విమానం దిగిన వెంటనే వేగం తగ్గించడానికి రెక్క మీద స్పాయిలర్లనే పలకలు ఎలా లేస్తున్నాయో అక్కడి నుంచి బాగా కనబడతాయి. ఒక కొత్త నోటుబుక్కు కొని, దానిలో మా నాయిన ఎస్సార్ షీటు లాగానే గళ్లు గీసుకున్నాను: స్టేజీ పేరు, వచ్చిన సమయం, బయలుదేరిన సమయం, దిగినవారు, ఎక్కినవారు, ఇతర విషయాలు.

సోమవారం ఉదయం ఏడున్నర ప్రాంతంలో హొనొలులులో బయలుదేరాము. చెకిన్ వరుసలోనే ఇది మామూలు విమానం కాదని తెలిసిపోయింది. సూట్‌కేసుల కంటే ఐసు పెట్టెలే ఎక్కువగా ఉన్నాయి. చేపలు, మాంసం నిలువ ఉంచుకునే ఆ ప్లాస్టిక్ పెట్టెల మూత చుట్టూ వెడల్పాటి టేపు నాలుగైదు చుట్లు చుట్టి, పైన లావు అక్షరాలతో మనిషి పేరూ దీవి పేరూ రాసి ఉన్నాయి. దుబాయి నుంచి వచ్చే మనవాళ్ల అట్టపెట్టెల మీద ఊరు, మండలం, జిల్లా రాసి ఉండటం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు; చేతిరాత కూడా ఇంచుమించు అలాగే ఉంది. 1986లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం ఈ రెండు దేశాలవారు వీసా లేకుండా అమెరికాలో నివసించవచ్చు, పనిచేసుకోవచ్చు. అందువల్ల ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు హవాయిలోనో, అమెరికా ప్రధాన భూభాగంలోనో ఉంటారు. పాలమూరు నుంచి ముంబైకి పోయే బస్సుల్లో మూటలు ఎలా సర్దేవారో చూసినవాడిని కనుక, ఆ పెట్టెలు బెల్టు మీద ఒక్కొక్కటిగా లోపలికి పోతుంటే నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

విమానం బోయింగ్ 737-800. మన దేశంలో కూడా ఎందరో ఎక్కే మామూలు విమానమే. కానీ ఇందులో కొన్ని ఏర్పాట్లు వేరుగా ఉంటాయి. ఒక జట్టు పైలట్లు పదిహేను గంటలు నడపకూడదు కనుక రెండో జట్టు కూడా ప్రయాణికుల మధ్యే కూర్చుని వస్తుంది. వారితోపాటు ఒక మెకానిక్ కూడా, విడిభాగాలతో సహా, మొదటి నుంచి చివరి వరకు వస్తాడు. దీవుల్లో ఒక టైరు పాడైతే తెప్పించుకోవడానికి పక్కన పెద్ద ఊరేదీ లేదు మరి. ఈ ఏర్పాటుకు పాత చరిత్ర ఉంది. 1968లో ఎయిర్ మైక్రోనేషియా అనే సంస్థ బోయింగ్ 727లతో ఈ దీవుల మధ్య సర్వీసు మొదలుపెట్టినప్పుడు కొన్ని చోట్ల పగడపు రాయిని చదును చేసిన రన్‌వేలే ఉండేవి. ఆ సంస్థ తర్వాత కాంటినెంటల్ అనే అమెరికా విమాన సంస్థలో భాగంగా నడిచి, 2010లో జరిగిన విలీనంతో యునైటెడ్ చేతికి వచ్చింది. దీవులవారు మాత్రం ఇప్పటికీ పాత అలవాటుగా ఎయిర్ మైక్ అనే పిలుస్తారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కూడా ఆ మాటే వాడారు.

మొదటి అంచె 3,600 కిలోమీటర్ల పైనే, అయిదు గంటలు, కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. రెండే ఇంజన్లున్న విమానం ఇంత సముద్రం దాటాలంటే, ఒక ఇంజను ఆగిపోయినా నిర్ణీత సమయంలో ఏదో ఒక రన్‌వేకు చేరగలిగే దారిలోనే పోవాలని నియమం ఉంది. ఈటాప్స్ అంటారు. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివిన ఆ నియమానికి ఎంత బరువుందో కిటికీలోంచి మూడు గంటలు నీలిరంగు తప్ప మరేదీ కనబడనప్పుడే నాకు తెలిసింది. ఆ మధ్యలోనే ఎక్కడో, పడమరకు దాటితే తేదీ ఒకరోజు ముందుకు జరిగే అంతర్జాతీయ తేదీ రేఖ దాటాము. నోటుబుక్కులో సోమవారం అని రాసిన చోట గీత కొట్టకుండా, కింది వరుసలో మంగళవారం అని రాసుకున్నాను.

మజురో గురించి కాస్త వివరంగా చెప్పాలి. విమానం దిగుతుంటే ముందు నేల కనబడదు. నీళ్ల రంగు మారుతుంది, నీలం కాస్తా లేత ఆకుపచ్చ అవుతుంది, ఆ తర్వాత పారేసిన తాడులాగా సన్నని ఇసుక గీత ఒకటి వంకర తిరుగుతూ కనబడుతుంది. అదే మార్షల్ దీవుల రాజధాని. నేల సముద్రమట్టానికి సగటున రెండు మీటర్ల ఎత్తే ఉంటుంది. చక్రాలు నేలను తాకే క్షణం వరకు నా కిటికీలో నీళ్లే ఉన్నాయి. నీళ్ల మీదే దిగుతున్నామా అనిపించేంత దగ్గరగా. దీవి వెడల్పులో దాదాపు అంతా రన్‌వేనే, పక్కన ఒక రోడ్డు, అంతే. ఒకవైపు మహాసముద్రం అలలు, మరోవైపు కదలని లగూన్, అంటే పగడపు దిబ్బల మధ్య చిక్కిన ఉప్పునీటి సరస్సు.

నేను అక్కడ వెతికింది మాత్రం నీళ్ల చెరువుల కోసం. మజురోలో నదులు లేవు, వాగులు లేవు. రన్‌వే మీద పడే వాన నీటిని పక్కల కాలువల ద్వారా మళ్లించి, విమానాశ్రయం పక్కనే కట్టిన జలాశయాల్లో నిలువ చేసి, శుద్ధిచేసి ఊరికి తాగడానికి పంపుతారు. ఈ సంగతి ముందే చదివాను. విమానం రన్‌వే చివర తిరుగుతుండగా ఆ చెరువులు కనబడ్డాయి. దీర్ఘచతురస్రాకారంలో, లోపల నల్లని పొర పరిచి ఉన్నాయి. నీటి మట్టం అంచు నుంచి చాలా కిందికి ఉంది. 2016లో కరువు వచ్చి ఆ దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. చుట్టూ ఇంత నీరు పెట్టుకుని చెరువు మట్టం చూసి భయపడే మనుషులను పాలమూరు మనిషి అర్థం చేసుకోగలడు. ఫ్లోరైడు నీళ్లు ముందు పెట్టుకుని ట్యాంకరు కోసం కాచుకున్న నల్లగొండ పల్లెలు నాకు తెలుసు. విమానాల రన్‌వేను ఒక తూములాగా, కట్టలాగా వాడుకోవచ్చునని మా పిల్లలకు చెప్పాలని అప్పుడే అనుకున్నాను. బడి తెరిచిన వారంలోనే బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను కూడా. మజురోలో సుమారు యాభై నిమిషాలు ఆగాము, ఇంధనం పట్టారు, విమానంలో మూడోవంతు మంది దిగిపోయారు.

క్వాజలీన్‌కు ఎగిరిన కాసేపటికే చేరాము, 430 కిలోమీటర్లే. ఇది అమెరికా సైన్యం స్థావరం, క్షిపణి పరీక్షల కేంద్రం. అనుమతి ఉన్నవారు తప్ప ఇక్కడ ఎవరూ దిగరాదని, బయటి ఫోటోలు తీయరాదని దిగకముందే ప్రకటించారు. ఫోను బ్యాగులో పెట్టేశాను. కలం కూడా మూసి జేబులో పెట్టుకున్నాను. రాయకూడదని ఎవరూ చెప్పలేదు, కానీ ఆ చోట లెక్కలు రాయడం మర్యాద కాదనిపించింది. స్థావరంలో పనిచేసే మార్షలీయులు చాలామంది పక్కనే ఉన్న ఎబాయె దీవిలో ఉంటూ పడవల్లో రోజూ పనికి వచ్చిపోతారని, తన తమ్ముడూ అలాగే వచ్చిపోతాడని పక్కసీటు ఆవిడ చెప్పారు. ఆమె అక్కడ దిగి, వెనక్కి చూసి చేయి ఊపి వెళ్లారు.

కొస్రే కోసమే నేను ఇంత దూరం వచ్చానని చెప్పినా తప్పులేదు. శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు. కొస్రే రన్‌వే అందులో సగం కూడా లేదు, దాదాపు 1,750 మీటర్లు. అది కూడా దీవి మీద లేదు. ఒడ్డుకు దూరంగా పగడపు దిబ్బ మీద మట్టీ రాయీ పోసి కట్టి, ఒక కట్ట రోడ్డుతో దీవికి కలిపారు. దిగేముందు ఫ్లాపులు ఒక్కో దశలో కిందికి జారి చివరి వరకు వచ్చాయి, మోటారు చప్పుడు కాళ్ల కింద వినిపించింది. పైలట్ సుతిమెత్తగా దింపడానికి ప్రయత్నించలేదు. అలా ప్రయత్నిస్తే రన్‌వే ఖర్చయిపోతుంది. చక్రాలను గట్టిగా నేలకు ఆనించి, స్పాయిలర్లు లేచీ లేవకముందే ఇంజను గాలిని ముందుకు మళ్లించే రివర్సర్లు తెరిచారు. అందరం ముందుకు ఒరిగాము. నా ఒళ్లో ఉన్న నోటుబుక్కు జారి ముందు సీటు కిందికి పోయింది. రన్‌వే చివర విమానం అక్కడికక్కడే వెనుదిరిగి, వచ్చిన దారినే మెల్లగా టెర్మినల్ వైపు నడిచింది. పక్కన వేరే దారి లేదు. కంచె అవతల పిల్లలు వరుసగా నిలబడి చేతులు ఊపుతున్నారు. వెనుక మబ్బుల్లో సగం మునిగిన పచ్చని కొండ, పడుకున్న స్త్రీ ఆకారంలో.

మెట్ల దగ్గర నిలబడటానికి అనుమతించారు. అప్పుడు మెకానిక్‌ను దగ్గరగా చూశాను. ఎండలోనే టార్చి వెలిగించి, ఎడమ చక్రాల దగ్గర మోకాలి మీద కూర్చున్నాడు. బ్రేకు పక్కన చిటికెన వేలంత కడ్డీ ఒకటి బయటికి కనబడుతుంటుంది. బ్రేకు అరిగేకొద్దీ అది లోపలికి పోతుంది. దానిమీద టార్చి వేసి చూసి, టైరు చుట్టుకొలత పొడవునా అరచేతితో తడుముతూ పోయాడు. చెయ్యి ఒకచోట ఆగింది. మళ్లీ అదే చోటును బొటనవేలితో రుద్ది చూసి, ఏమీ లేదని తేల్చుకుని లేచి రెండో వైపుకు వెళ్లాడు. ఇలా గంటగంటకూ చిన్న రన్‌వేల మీద ఆగే విమానానికి బ్రేకుల వేడి చల్లారడానికి సమయం తక్కువ ఉంటుంది కనుక ఈ పరీక్ష చేస్తారు. మా నాయిన బస్సు డ్రైవరు కూడా నాగర్‌కర్నూల్‌లో చాయ్ తాగి వచ్చి, ఎక్కబోయే ముందు ఇనుప రాడుతో ఆరు టైర్లనూ కొట్టి చప్పుడు వినేవాడు.

పోన్‌పేలో వాన. ప్రపంచంలో అత్యధిక వర్షం పడే చోట్లలో అదొకటి కనుక ఆశ్చర్యపోలేదు. రన్‌వే పక్కనే సోకేస్ అనే నల్లరాతి కొండ నిట్టనిలువుగా లేచి ఉంటుంది, కానీ దాని అడుగు భాగమే కనబడింది. ఇక్కడ విమానంలోనే ఉండిపోయినవారందరూ తమ సామాను తామే ఒళ్లో పెట్టుకోవాలి. సిబ్బంది ఒక్కొక్క సీటు జేబు, సీటు కింద, పై అర వెతికి, ఎవరిదీ కాని వస్తువేదీ లేదని నిర్ధారించుకుంటారు. ప్రతి చోటా ఇదే తంతు. కొందరు విసుక్కున్నారు, నాకైతే ఇంత జాగ్రత్తగా చూసే మనుషులున్న విమానంలో కూర్చున్నాననే ధైర్యం కలిగింది.

చూక్ చేరేసరికి వెలుతురు పసుపు రంగులోకి మారింది. విమానం పెద్ద లగూన్ మీదుగా దిగుతుంది. 1944 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో అమెరికా విమానాలు ఇక్కడి జపాన్ నౌకాదళం మీద దాడిచేసి ముంచిన ఓడలు ఇంకా ఆ నీళ్ల అడుగునే ఉన్నాయి; నా ముందు వరుసలో ఇద్దరు వాటిని చూడటానికి వచ్చిన డైవర్లు. రన్‌వే 1,830 మీటర్లు, మొదలూ చివరా నీళ్లే. 2018 సెప్టెంబరు 28న మరో సంస్థకు చెందిన 737 ఒకటి రన్‌వేకు ముందే ఈ లగూన్‌లో దిగిపోయింది. చిన్న పడవల్లో స్థానికులు పరుగున వచ్చి చాలామందిని కాపాడారు. ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆ సంగతి తెలిసి కిటికీలోంచి నీళ్లను చూస్తుంటే అరచేతులు చెమటపట్టాయి. మా విమానం సరిగ్గా దిగింది. ఇక్కడ ఎక్కినవారిలో ఒక ముసలాయన ఉన్నారు. కాలికి కట్టు ఉంది, ఇద్దరు కొడుకులు చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించారు. ఆయన తలమీద తాజా పూలదండ ఉంది. గ్వామ్‌లో ఆస్పత్రికి పోతున్నామని పెద్దకొడుకు చెప్పాడు. బయలుదేరేటప్పుడు పైలట్ బ్రేకులు పట్టి ఉంచి, ఇంజన్లు పూర్తి జోరందుకున్నాకే వదిలారు. రన్‌వే చివరి తెల్లగీతలు నా కిటికీ కింద కనబడిన క్షణమే చక్రాలు లేచాయి. ముసలాయన కళ్లు మూసుకుని పూలదండను ఒక చేత్తో పట్టుకుని ఉన్నారు.

గ్వామ్‌లో దిగేసరికి చీకటి పడింది. ఇమిగ్రేషన్ అధికారి నా పాస్‌పోర్టు చూసి, ఇక్కడికి ఈ విమానంలో ఎందుకు వచ్చారని అడిగారు. విమానం కోసమే అన్నాను. వెనుక నిలబడిన రెండో పైలట్ అది విని తల ఊపారు, అధికారి ముద్ర వేశారు.

ఇంటికి వచ్చిన రెండో రోజు నోటుబుక్కు మా నాయిన చేతికిచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, గడి గడికీ వేలు జరుపుతూ చదివారు. వేలు క్వాజలీన్ దగ్గర ఆగింది.

"ఈ స్టేజీ ఎందుకు క్లోజ్ చెయ్యలేదు?"

అది మిలిటరీ జాగ అని, అందుకే రాయలేదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, నా చేతిలోని కలం తీసుకుని, ఎవరూ ఎక్కని, దిగని స్టేజీకి తాను కొట్టినట్టే ఆ ఖాళీ గడుల మీదుగా ఒక ఏటవాలు గీత గీశారు. మళ్లీ ఆగారు.

"ఒకావిడ దిగిందంటివి కదరా."

గీత పక్కనే చిన్నగా ఒకటి అని రాసి, పుస్తకం నా చేతికిచ్చారు.